హెడర్ ఫైలులో ఇచ్చే మాట

(షేర్డ్ లైబ్రరీలు, అంటే ఎన్నో ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్ కట్టలు, రాసే యువ ప్రోగ్రామర్ల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినపడుతోందా? సరే. తెర మీద అక్షరాలు చిన్నగా ఉంటే మొహమాటపడకండి, చెప్పండి, పెంచుతాను.

ఏదైనా పెద్ద సీ లైబ్రరీ హెడర్ ఫైలు, అంటే ఆ లైబ్రరీ బయటివాళ్లకు ఇచ్చే ఫంక్షన్ల జాబితా, తెరిచి చూడండి. ప్రతి ఫంక్షన్ పేరుకు ముందు అన్నీ పెద్ద అక్షరాలతో పొడుగాటి పదం ఒకటి ఉంటుంది. ఏదో ఎక్స్‌పోర్ట్ అనో, ఏదో ఏపీఐ అనో, అవైలబుల్ ఇన్ అనో. మనం ఏం చేస్తాం? దాన్ని దాటేసి ఫంక్షన్ పేరు దగ్గరికి వెళ్లిపోతాం. పెళ్లి పత్రికలో పైన ఉండే శ్లోకాన్ని ఎవరు చదువుతారు, ముహూర్తం ఎప్పుడో, భోజనాలు ఎక్కడో చూస్తాం కానీ. నేనూ పదేళ్లు అలాగే దాటేశాను. ఆ పదం అక్కడ ఎందుకుందో నాకు నేర్పింది పాడ్యమి. ఒక్క పాడ్యమి కాదు, వరసగా ఎన్నో పాడ్యములు. ఆ కథతోనే మొదలుపెడతాను.

నేను సీలో ఒక చిన్న లైబ్రరీ రాశాను. తేదీ, సమయం ఇస్తే తిథి చెబుతుంది. లెక్క మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చంద్రుడి స్థానంలోంచి సూర్యుడి స్థానం తీసివేస్తే ఒక కోణం వస్తుంది. దాన్ని పన్నెండు డిగ్రీల చొప్పున భాగిస్తే ఎన్నో తిథో తేలుతుంది. ముప్ఫై తిథులు, పన్నెండేసి డిగ్రీలు, మొత్తం 360. తీసివేసినప్పుడు కోణం ఒక్కోసారి సున్నా కంటే తక్కువకు పోతుంది కదా, దాన్ని మళ్లీ 0 నుంచి 360 లోపలికి తేవడానికి ఒక బుల్లి ఫంక్షన్ రాసుకున్నాను. పేరు నార్మలైజ్. మీరైతే ఇంకేం పేరు పెడతారు, చెప్పండి? అందరం అదే పెడతాం. కథలో దొంగ అక్కడే ఉన్నాడు.

కొన్నాళ్లకు ఒకాయన దాన్ని తన ప్రోగ్రాములో వాడుకున్నారు. రోజూ ఒక శుభాకాంక్షల బొమ్మ తయారు చేసి, కింద ఆనాటి తిథి వేసే ప్రోగ్రాము. ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది: అయ్యా, మీ లైబ్రరీలో ప్రతి రోజూ శుక్ల పాడ్యమే వస్తోంది, ఏకాదశి నాడు కూడా పాడ్యమే. నా కంప్యూటర్లో నడిపితే ఏకాదశి ఏకాదశిలాగే ఉంది. మూడు రోజులు చంద్రుడి లెక్కలు తిరగేశాను. పాపం చంద్రుడి తప్పేమీ లేదు.

చివరికి ఆయన ప్రోగ్రామునే డీబగర్‌లో పెట్టి ఒక్కో అడుగూ వేయించుకుంటూ వెళ్లాను. నా ఫైలులో, నా ఫంక్షన్ లోపల, నార్మలైజ్ అని పిలిచిన చోట ఇంకో అడుగు వేయమన్నాను. తెర మీద తెరుచుకున్నది నా ఫైలు కాదు. ఆయన బొమ్మల కోసం వాడుకుంటున్న వేరే లైబ్రరీలోని ఫైలు. అందులోనూ నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది. దాని పని వెలుగు విలువను సున్నాకూ ఒకటికీ మధ్యకు కుదించడం. అదీ దశాంశ సంఖ్య ఒకటి తీసుకుని దశాంశ సంఖ్య ఒకటి తిరిగి ఇస్తుంది. కాబట్టి ప్రోగ్రాము కూలలేదు, కేకలు పెట్టలేదు. నా 130 డిగ్రీల కోణాన్ని తీసుకుని వినయంగా ఒకటి అని తిరిగి ఇచ్చింది. ఒకటిని పన్నెండుతో భాగిస్తే ఎంత? సున్నా దాటి కాస్త. అంటే మొదటి తిథి. అంటే పాడ్యమి.

నవ్వుతున్నారు. నేను ఆ రోజు నవ్వలేదు.

ఇలా ఎందుకు జరిగింది? లినక్స్‌లో షేర్డ్ లైబ్రరీ కట్టేటప్పుడు మనం ఏమీ చెప్పకపోతే, స్టాటిక్ కాని ప్రతి ఫంక్షన్ పేరూ బయటి పట్టికలోకి ఎక్కుతుంది. స్టాటిక్ అని పెట్టవచ్చు కదా అంటారేమో. స్టాటిక్ అంటే ఆ ఒక్క ఫైలుకే పరిమితం. నా నార్మలైజ్‌ను నాలుగు ఫైళ్లు వాడుకుంటున్నాయి. ఇంకో సంగతి, చాలామందికి తెలియనిది. బయటికి కనిపించే పేరైతే, లైబ్రరీ తన సొంత ఫంక్షన్‌ను పిలిచినా ఆ పిలుపు పేరు మీదుగానే వెళ్తుంది. ప్రోగ్రాము నడిచేటప్పుడు లైబ్రరీలను దానికి జతచేసే లోడర్ ఆ పేరును ముందు అసలు ప్రోగ్రాములో వెతుకుతుంది, తర్వాత లైబ్రరీల్లో వరసగా వెతుకుతుంది. ఎవరు ముందు దొరికితే వారే. ఆయన ప్రోగ్రాములో బొమ్మల లైబ్రరీ నాకంటే ముందు నిలబడింది. ఊళ్లో సుబ్బారావు ఇల్లెక్కడ అని అడిగితే మొదటి వీధిలో ఉన్న సుబ్బారావు ఇంటికే చేరుస్తారు కదా, అదే.

ఇది లోపం అనుకోకండి. కావాలని పెట్టిన ఏర్పాటే. ఎల్‌డీ ప్రీలోడ్ అనే పరిసర చలరాశిలో మన లైబ్రరీ పేరు పెట్టి, జ్ఞాపకస్థలం కేటాయించే మాలోక్ స్థానంలో మన మాలోక్ నిలబెట్టి, జ్ఞాపకస్థలం ఎక్కడ కారిపోతోందో పట్టుకుంటాం చూశారా, అది నడిచేది ఈ నియమం మీదే. విండోస్‌లో కథ పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ నోరు తెరిచి ఎక్స్‌పోర్ట్ అని చెప్పనిదే ఏదీ బయటికి రాదు. ఒకచోట తలుపులన్నీ తీసి ఉంటాయి, ఒకచోట అన్నీ వేసి ఉంటాయి. హెడర్‌లో ఆ పొడుగాటి పదం, అంటే కంపైల్ చేసేటప్పుడు వేరే రాతగా మారిపోయే మాక్రో, పుట్టడానికి సగం కారణం ఈ రెండు స్వభావాలూ ఒకే హెడర్‌లో ఇమడాలి కాబట్టే.

పాడ్యమి సంగతి తేలాక నేను చేసిన మొదటి పని, నా లైబ్రరీ మీద, అందులోని పేర్లు చూపించే ఎన్ఎం ఆదేశాన్ని మైనస్ పెద్ద డీ తగిలించి నడపడం. ఇదిగో తెర మీద చూడండి. ఎడమ పక్క చిరునామా, మధ్యలో ఒక అక్షరం, కుడి పక్క పేరు. పెద్ద టీ ఉన్నవి నేను బయటికి ఇస్తున్న ఫంక్షన్లు, యూ ఉన్నవి నేను బయటి నుంచి తెచ్చుకుంటున్నవి. టీలు లెక్కపెడితే 212. నేను డాక్యుమెంటేషన్ రాసినవి ఎన్ని? 14. మిగతా 198 ఎవరి కోసం బయట కూర్చున్నాయి? ఎవరి కోసమూ కాదు. లోపల పెట్టమని నేను చెప్పలేదు, అవి బయట కూర్చున్నాయి, అంతే.

దీనికి మందు 2005లో వచ్చిన జీసీసీ 4.0 కంపైలర్ నుంచి మన చేతిలో ఉంది. కంపైలర్‌కు ఎఫ్ విజిబిలిటీ హిడెన్ అనే జెండా, అంటే ఆప్షన్, ఇస్తే తలుపులన్నీ మూసేస్తుంది. తర్వాత మనకు కావలసిన ఫంక్షన్ల దగ్గర మాత్రం, ఆట్రిబ్యూట్ అని రాసి విజిబిలిటీ డిఫాల్ట్ అని పెట్టి, ఒక్కో తలుపు తీస్తాం. ప్రతిసారీ అంత పొడుగు రాయలేం, విండోస్ కంపైలర్‌కు అది అర్థమూ కాదు. కాబట్టి ఒక మాక్రో. నా దాని పేరు తిథి ఏపీఐ. పైనుంచి కిందికి నాతో పాటు చదవండి. విండోస్ అయితే, లైబ్రరీనే కడుతున్నామా అని మొదటి ప్రశ్న. అవునంటే డీఎల్ఎల్ ఎక్స్‌పోర్ట్ (విండోస్‌లో షేర్డ్ లైబ్రరీని డీఎల్ఎల్ అంటారు). కాదు, వేరేవాళ్లు ఈ హెడర్‌ను వాడుకుంటున్నారంటే డీఎల్ఎల్ ఇంపోర్ట్. స్టాటిక్ లైబ్రరీగా, అంటే తమ ప్రోగ్రాము ఫైలులోకే, కలుపుకుంటున్నారంటే ఖాళీ. విండోస్ కాకుండా జీసీసీ, క్లాంగ్ లాంటి కంపైలర్లైతే విజిబిలిటీ డిఫాల్ట్. అవీ కాకపోతే ఖాళీ. ఇంతే. కడుతున్నామా అన్న ప్రశ్నకు జవాబు ఎక్కడి నుంచి వస్తుంది? మన బిల్డ్ ఫైలు నుంచి. లైబ్రరీని కట్టేటప్పుడు మాత్రమే అక్కడ ఒక పేరును నిర్వచిస్తాం. అది హెడర్‌లో పెట్టారా, చెడ్డారు. వాడుకునేవాళ్లకు కూడా ఎక్స్‌పోర్ట్ అనే వెళ్తుంది.

బిల్డ్ ఫైళ్లు తయారుచేసి ఇచ్చే సీమేక్ వాడేవాళ్లకు ఇదంతా చేత్తో రాసే శ్రమ లేదు. జెనరేట్ ఎక్స్‌పోర్ట్ హెడర్ అని దానిలోనే ఒక మాడ్యూల్ ఉంది, ఈ హెడర్‌ను అదే రాసి ఇస్తుంది. డిప్రికేటెడ్ మాక్రోలు కూడా అందులోనే వస్తాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను. అయినా ఒక్కసారి చేత్తో రాయండి. వండటం వచ్చినవాళ్లే కర్రీ పాయింటులో ఏం కొనాలో సరిగ్గా చూసుకుంటారు.

సీ ప్లస్ ప్లస్ వాళ్లకు ఒక్క మాట. తప్పు జరిగిందని చెప్పడానికి విసిరే ఎక్సెప్షన్ క్లాసును హిడెన్‌లో ఉంచకండి. మీ లైబ్రరీలో విసిరింది అవతలి ప్రోగ్రాము పట్టుకోవాలంటే, ఇది ఆ క్లాసే అని రెండు వైపులా ఒప్పుకోవాలి. ఆ గుర్తింపు సమాచారం దాగిపోతే, క్యాచ్ రాసి ఉన్నా పట్టుకోకుండా ప్రోగ్రాము కూలిపోవచ్చు. ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాక చెబుతున్న మాట ఇది.

మళ్లీ కట్టాను. ఎన్ఎం నడిపాను. 14. నార్మలైజ్ మాయం. అంటే ఉంది, లోపల ఉంది. లోపలి పిలుపులు ఇప్పుడు పేరు వెతుక్కోకుండా నేరుగా వెళ్తాయి. కొద్దిగా వేగం కూడా వస్తుంది, కానీ నేను దాని కోసం చేయలేదు. ఏకాదశి ఏకాదశి అయింది, నేను సంతోషంగా కొత్త వెర్షన్ విడుదల చేశాను.

వారం తిరక్కుండా ఇంకో ఉత్తరం. ఈసారి వేరే మనిషి. మీ కొత్త వెర్షన్ పెట్టాక నా ప్రోగ్రాము లేవడమే లేదు, అన్‌డిఫైన్డ్ సింబల్ అంటోంది. సింబల్ అంటే పేరే, అది దొరకలేదని. ఏ సింబల్ అని చూస్తే, ఆ 198లో ఒకటి! జూలియన్ దినసంఖ్య, అంటే రోజులకు వరసగా ఇచ్చే సంఖ్య, లెక్కకట్టే నా లోపలి ఫంక్షన్. అది నా హెడర్‌లో లేదు. మరి ఎలా వాడుకున్నారు? ఆయన నా సోర్సు చదివి, తన ఫైలులో తానే ఎక్స్‌టర్న్ అని, అంటే ఈ ఫంక్షన్ వేరేచోట ఉందని, రాసుకుని పిలుచుకున్నారు. ఇప్పుడు చెప్పండి, తప్పు ఎవరిది? చేతులెత్తండి. ఆయనది అనేవాళ్లు? ఎక్కువమందే ఉన్నారు. నాది అనేవాళ్లు? ముగ్గురు. నేను ఆ ముగ్గురి పక్షం. ఆయన గోడ దూకలేదు. నేను గోడే కట్టలేదు. అరుగు మీద కూర్చోనిచ్చి, రెండేళ్ల తర్వాత ఒక పొద్దున్నే అరుగు పగలగొట్టాను. బయటికి కనిపించనిచ్చిన ప్రతి పేరూ మాట ఇచ్చినట్టే. మనం ఇచ్చామని మనకు తెలియకపోయినా అవతలివాడు పుచ్చుకున్నాడు కదా. అప్పటికి కనీసం సోనేమ్‌లోని, అంటే ప్రోగ్రాములు లైబ్రరీని గుర్తుపట్టే పేరులోని, అంకె అయినా మార్చి ఉండాల్సింది. పాత ప్రోగ్రాములు పాతదాన్నే పట్టుకుని బతికేవి.

అందుకే ఇప్పుడు రెండో సగానికి వస్తున్నాను. ఇచ్చిన మాటను మర్యాదగా వెనక్కు తీసుకోవడం ఎలా? డిప్రికేషన్ అంటే అదే. తీసేయడం కాదు. తీసేయడం అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఫంక్షన్ అక్కడే ఉంటుంది, పనిచేస్తుంది. కొత్తగా కంపైల్ చేసేవాళ్లకు మాత్రం కంపైలర్ ఒక హెచ్చరిక ఇస్తుంది. జీసీసీలో ఆట్రిబ్యూట్ డిప్రికేటెడ్, విండోస్ కంపైలర్‌లో డెక్ల్‌స్పెక్ డిప్రికేటెడ్. సీ ప్లస్ ప్లస్ 14, సీ 23 ప్రమాణాల్లో భాషలోకే చేర్చారు. అయినా పాత కంపైలర్లు బతికి ఉన్నంత కాలం మళ్లీ మాక్రోయే దిక్కు.

ఈ పని ఎంత శ్రద్ధగా చేయవచ్చో చూడాలంటే జీలిబ్ హెడర్లు చదవండి. లినక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ నిలబడింది ఆ లైబ్రరీ మీదే. అందులో జీ మెమ్‌డప్ అని ఒక ఫంక్షన్ ఉంది. కొంత జ్ఞాపకస్థలాన్ని అంతే పరిమాణంలో నకలు తీసి ఇస్తుంది. ఎన్ని బైట్లు అనేదాన్ని 32 బిట్ల పూర్ణసంఖ్యగా తీసుకునేలా ఎప్పుడో రాశారు. తర్వాత 64 బిట్ల కాలం వచ్చింది. ఎవరైనా 4,294,967,312 బైట్లు నకలు తీయమన్నారనుకోండి. 32 బిట్లలో పట్టేది పట్టి, మిగిలింది రాలిపోతే ఎంత నిలుస్తుంది? 16. సరిగ్గా పదహారు బైట్లు. పిలిచినవాడు తన దగ్గర నాలుగు గిగాబైట్లకు పైగా ఉన్నాయనుకుంటాడు, ఉన్నవి పదహారు. జీలిబ్‌లోనే జీ బైట్స్ న్యూ అనే ఫంక్షన్ ఇలా పిలుస్తోందని తేలింది. అది భద్రతా లోపంగా సీవీఈ-2021-27219 అనే సంఖ్యతో నమోదైంది.

ఆ 32ను 64 చేసేస్తే పోదా? పోదు. ఇప్పటికే కంపైలై లోకమంతా తిరుగుతున్న ప్రోగ్రాములు 32 బిట్ల ఒప్పందం ప్రకారం పిలుస్తున్నాయి. ఒప్పందాన్ని వాళ్లకు తెలియకుండా మార్చలేం. అందుకని 2021లో వచ్చిన జీలిబ్ 2.68లో జీ మెమ్‌డప్ 2 అనే కొత్త ఫంక్షన్ పెట్టి, పాతదానికి డిప్రికేటెడ్ గుర్తు తగిలించారు. అప్పటికి నడుస్తున్న పాత 2.66 శాఖలో కూడా లోపం సవరించాలి కదా, కానీ స్థిరపడిన శాఖలో కొత్త ఫంక్షన్ బయటపెట్టకూడదు. అందుకని అక్కడ దాన్ని లోపలి హెడర్‌లోనే, బయటికి కనిపించకుండా ఉంచుకుని పని నడిపారు. చూశారా ఆ క్రమశిక్షణ?

ఇప్పుడు ఆ మాక్రో చదవండి. జీలిబ్ డిప్రికేటెడ్ ఇన్ 2 68 ఫర్, బ్రాకెట్లలో జీ మెమ్‌డప్ 2. ఎప్పటి నుంచి వద్దో చెప్పింది, బదులు ఏది వాడాలో చెప్పింది. ఇంతటితో అయిపోలేదు. ఈ హెచ్చరిక అందరికీ రాదు. ప్రోగ్రాము రాసేవారు మిన్ రిక్వయర్డ్ అనే మాక్రోతో నాకు కనీసం 2.56 ఉంటే చాలు అని చెప్పుకున్నారనుకోండి. ఆ 2.56లో కొత్త ఫంక్షన్ లేనే లేదు. లేనిదాన్ని వాడమని తిడితే ఏం న్యాయం? కాబట్టి వారికి హెచ్చరిక రాదు. మ్యాక్స్ అలౌడ్ అని ఇంకొకటి ఉంది. 2.56 దాటి ఏదీ వాడను అని మాట ఇచ్చి, పొరపాటున జీ మెమ్‌డప్ 2 పిలిస్తే, అది అప్పటికి లేదు అని హెచ్చరిస్తుంది. నాకు బాగా నచ్చిన ముచ్చట ఏమిటంటే, ఈ రెండో హెచ్చరిక కూడా అదే డిప్రికేటెడ్ ఆట్రిబ్యూట్‌తోనే చేశారు. మాట మాత్రం మార్చారు. పోబోయేవాడికీ ఇంకా పుట్టనివాడికీ ఒకటే చీటీ! 2012లో వచ్చిన 2.32 నుంచి ఈ ఏర్పాటు ఉంది. జీ మెమ్‌డప్‌ను మాత్రం నేటికీ తీసేయలేదు. 2002లో జీలిబ్ 2.0 వచ్చినప్పటి సోనేమే ఇప్పటికీ నడుస్తోంది.

ఇంకొకటి, మనకు దగ్గరది. ఈ తెర మీద తెలుగు ఒత్తులు, గుణింతాలు తమ చోట తాము కుదురుగా కూర్చున్నాయంటే, అది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేసే పని. అందులో ముసలి పేర్లన్నిటికీ వేరే హెడర్ ఉంది, దాని పేరులోనే డిప్రికేటెడ్ అని ఉంటుంది. హెచ్‌బీ డిజేబుల్ డిప్రికేటెడ్ అని ఒక్క మాక్రో నిర్వచిస్తే ఆ ఫైలు సరుకంతా మాయమవుతుంది. మీ ప్రోగ్రాము పాతవాటి మీద ఇంకా ఎంత ఆనుకుని ఉందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక పరీక్ష లేదు. ఒకసారి నిర్వచించి కంపైల్ చేసి చూడండి, ఎన్ని తప్పులు వస్తే అంత బాకీ.

ఇక నా సొంత పొరపాటు. నా లైబ్రరీలో నేటి తిథి అని ఒక ఫంక్షన్ ఉండేది. స్థలం అడగదు. హైదరాబాద్ సూర్యోదయాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. నేను ఉన్నది అక్కడే కాబట్టి లోకమంతా అక్కడే ఉందనుకున్నాను. అమెరికాలోని తెలుగువాళ్లు వాడటం మొదలుపెట్టాక, మా వ్రతం ఒక రోజు తప్పింది అని ఉత్తరాలు. స్థలం తీసుకునే కొత్త ఫంక్షన్ రాసి, పాతదానికి డిప్రికేటెడ్ పెట్టాను. సందేశం ఏమని రాశాను? ఇది పాతది అని. అంతే. పాతదైతే ఏం చేయమంటారు? చాలామంది ఆ హెచ్చరికనే ఆపేసుకున్నారు. కొందరు హెచ్చరికలన్నిటినీ తప్పులుగా పరిగణించే జెండా పెట్టుకుని ఉన్నారు, వాళ్ల బిల్డు ఆగిపోయింది, నన్ను తిట్టారు. తర్వాతి వెర్షన్‌లో సందేశం మార్చాను: స్థలం ఇచ్చి తిథి కనుక్కునే కొత్త ఫంక్షన్ వాడండి, ఇది హైదరాబాద్ సూర్యోదయాన్నే లెక్కిస్తుంది అని. ఉత్తరాలు తగ్గాయి. ఎందుకు వద్దో, ఏది కావాలో రెండూ ఆ ఒక్క వరుసలో ఉండాలి. అది మీ ఫంక్షన్ చేసే ఆఖరి పని, సరిగ్గా చేయనివ్వండి.

ప్రశ్నలు ఉన్నాయా? చెప్పమ్మా. పేరూ మారలేదు, ఆర్గ్యుమెంట్లూ మారలేదు, ప్రవర్తన మాత్రం మారితే ఈ మాక్రోలు ఏం చేస్తాయి అంటున్నారు. ఏమీ చేయలేవు. మంచి ప్రశ్న. 2010లో ఫెడోరా 14 అనే లినక్స్‌తో వచ్చిన జీలిబ్‌సీలో (ఇది లినక్స్ సీ లైబ్రరీ, జీలిబ్ వేరు) బైట్లను నకలు తీసే మెమ్‌కాపీని వేగం చేశారు. నియమం ప్రకారం, ఒకదాని మీద ఒకటి పడే స్థలాలకు మెమ్‌కాపీ వాడకూడదు. ఫ్లాష్ ప్లేయర్ వాడుతోంది. అంతవరకూ అదృష్టం మీద నడిచింది, ఆ రోజు నుంచి పాటలు కరకరలాడాయి. నియమం తప్పింది మీరే అని ఒకరు, వాడుకరికి కావలసింది పాట కదా అని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్. చివరికి సింబల్ వెర్షనింగ్‌తో తెగింది. పాత ప్రోగ్రాములకు పాత వెర్షన్ పేరు మీద భద్రమైన నకలు, కొత్తగా కట్టేవాటికి జీలిబ్‌సీ 2.14 పేరు మీద వేగమైనది. ఒకే పేరుతో రెండు సింబళ్లు. దాని గురించి చెప్పాలంటే ఇంకో పూట కావాలి.

మీరు? తీసేయడం ఎప్పుడు? వచ్చే వరుసను పొడవు చూసుకోకుండా చదివేసే గెట్స్ ఫంక్షన్ కథ వినండి. 1988లో మోరిస్ పురుగు, అంటే తనంతట తాను వ్యాపించే ప్రోగ్రాము, ఇంటర్నెట్‌లో పాకడానికి వాడుకున్న దారుల్లో అదొకటి. సీ ప్రమాణం నుంచి దాన్ని తీసేసింది 2011లో. లినక్స్ సీ లైబ్రరీ ఫైలులో ఆ సింబల్ ఇప్పటికీ ఉంది, పాత ప్రోగ్రాముల కోసం. కొత్తగా ఎవరైనా వాడితే లింకర్ కూడా ప్రమాదం అని అరుస్తుంది. హెడర్‌లో ఆహ్వానం లేదు, పంక్తిలో మాత్రం ఇంకా ఆకు వేస్తున్నారు. నా నేటి తిథి కూడా ఇంకా ఉంది. మూడు వరుసలు, లోపల కొత్త ఫంక్షన్‌నే పిలుస్తుంది. ఉంచడానికి నాకు ఖర్చేమీ లేదు. మోయడం బరువైన రోజున సోనేమ్ మార్చి తీసేస్తాను.

ఇంకో పది నిమిషాలు ఉన్నాయి. లాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్లు తెరవండి. మీరు రాసిన షేర్డ్ లైబ్రరీ ఏదైనా సరే, దాని మీద ఎన్ఎం నడపండి, మైనస్ పెద్ద డీ మరచిపోకండి. టీలు ఎన్నో లెక్కపెట్టి, హెడర్‌లో మీరు కావాలని పెట్టినవి ఎన్నో పక్కన రాసుకోండి. మొదటి వరుస నుంచి చెప్పుకుంటూ రండి, బోర్డు మీద వేస్తాను. నాది ముందే వేస్తున్నాను: 212, 14.